అమ్మకి ముప్పై ఆరేళ్ళకే మెనోపాజ్ వచ్చింది, ఇంట్లో ఎవరికీ తెలియలేదు

ఇరవై రెండేళ్ళుగా బళ్ళో లెక్కలు చెబుతున్నాను. పోయిన ఏడాది ఆగస్టులో ఏడో తరగతి పిల్లల ముందు క.సా.గు. అన్న మాట గుర్తు రాక, సుద్దముక్క చేత్తో పట్టుకుని బోర్డు దగ్గర అలాగే నిలబడిపోయాను. పిల్లలు నవ్వలేదు, నాకేసి చూస్తూ కూర్చున్నారు, దాంతో ఇంకా భయం వేసింది. స్టాఫ్ రూమ్‌కి వచ్చి ఏడ్చేశాను.

అంతకు ముందు నుంచే నిద్ర సరిగ్గా లేదు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది, దిండు తడిసిపోయి, గుండె దడదడలాడుతూ, ఏదో అయిపోతుందని ఒకటే భయం, ఏమిటని అడిగితే చెప్పలేను. గ్యాస్ కట్టేశానో లేదో అని మూడేసి సార్లు వంటింట్లోకి వెళ్ళి చూసేదాన్ని. పొద్దున్నే మా అబ్బాయి టిఫిన్ బాక్సు కడగడానికి వెయ్యలేదని గొంతు చించుకుని అరిచి, వాడు ఏమీ తినకుండా వెళ్ళిపోయాక గుమ్మంలో కూర్చుని ఏడ్చేదాన్ని. గుండెజబ్బేమోనని ఈసీజీ తీయించుకుంటే బాగానే ఉందన్నారు. గ్యాస్ మాత్రలు రాసి "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని పంపేశారు.

అసలు అడగాల్సింది అడిగింది మా తెలుగు టీచరు గారు. "నెలసరి సరిగ్గా వస్తోందా?" అన్నారు. రావట్లేదు. ఒకసారి రెండు నెలలకి, ఇంకోసారి పదిహేను రోజులకే. నాకు అప్పటికి 47.

మన దేశంలో ఆడవాళ్ళకి సగటున 46, 47 ఏళ్ళకి ముట్లు ఆగిపోతాయి. వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే అది మెనోపాజ్. కానీ మనసుని ఎక్కువగా కుదిపేది దానికి ముందు కొన్నేళ్ళ కాలం, దాన్నే పెరిమెనోపాజ్ అంటారు. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ నిదానంగా తగ్గుతూ పోదు, ఒక వారం పైకి, ఒక వారం కిందికి ఊగుతుంది, దానితో పాటే నిద్ర, ఒంటి వేడి, మెదడులో మనసుని నిలకడగా ఉంచే సెరటోనిన్ అనే రసాయనం అన్నీ ఊగుతాయి. గైనకాలజిస్టు దగ్గరికి వెళితే హార్మోన్ పరీక్ష అక్కర్లేదన్నారు, ఈ వయసులో అది రోజుకో రకంగా ఉంటుందట. థైరాయిడ్, రక్తహీనత మాత్రం చూశారు, వాటివల్ల కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి.

ఇదంతా వింటుంటే నాకు అమ్మ గుర్తొచ్చింది.

మాది గుంటూరు జిల్లా. అమ్మకి 36వ ఏట తెల్లబట్ట, నడుంనొప్పి అని చూపించుకుంటే, పిల్లలు పుట్టేశారుగా, ఉంచుకుంటే కేన్సర్ వస్తుందని భయపెట్టి గర్భసంచి తీసేశారు, అండాశయాలు కూడా. అవి తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్, మెల్లగా అలవాటుపడే వ్యవధి కూడా ఉండదు. అంత చిన్న వయసులో తీస్తే మామూలుగా హార్మోన్ మందులు ఇస్తారు. అమ్మకి ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ చెప్పలేదు. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ రెండు రాష్ట్రాల్లో మన అమ్మలు, అత్తలు, పిన్నులు ఎంతమంది ముప్పైల్లోనే ఇది పడ్డారో ఆలోచించండి.

సంక్రాంతి చలిలో అమ్మ తడి తువ్వాలు మెడకి చుట్టుకుని వరండాలో చాప మీద పడుకునేది. చిన్న మాటకి గిన్నె విసిరేసేది, తర్వాత దొడ్లో కూర్చుని ఏడ్చేది. నాయనమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. "నీతో పడలేకపోతున్నాం అమ్మా" అన్నాను ఒకరోజు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

రెండోసారి డాక్టరు దగ్గరికి మావారిని కూడా తీసుకెళ్ళాను, నేను చెబితే వినేది వేరు, ఆవిడ చెబితే వినేది వేరు. బయటికొచ్చాక ఆయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి పొద్దున బాక్సులు ఆయనే కడుతున్నారు, నేను ఆరున్నర దాకా పడుకుంటున్నాను. ఏ మందుకన్నా నాకు ముందు పనిచేసింది ఆ గంటన్నర నిద్రే. మా అబ్బాయికీ ఉన్నదున్నట్టు చెప్పాను, మొగపిల్లాడికి ఇవన్నీ ఎందుకు అని దాచలేదు. ఇప్పుడు నేను గొంతు పెంచితే మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంటాడు.

నాకింతవరకు మందులు అవసరం పడలేదు, కానీ అవసరమైనవాళ్ళు వాడాలి, అందులో సిగ్గు ఏమీ లేదు. హార్మోన్ చికిత్స ఉంది, కౌన్సెలింగ్ ఉంది, డిప్రెషన్‌కి మాత్రలున్నాయి, ఎవరికేది సరిపోతుందో డాక్టరు చూసి చెబుతారు. రెండు వారాలు దాటి రోజంతా దిగులుగా ఉన్నా, బతకాలనిపించకపోయినా "వయసు కదా" అని ఊరుకోవద్దు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోన్ నంబరు 14416, రాత్రి మూడింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ అక్కర్లేదు.

అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆవిడకిప్పుడు 69. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే నాకు పిచ్చి పట్టలేదన్నమాట" అంది.

ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ వరండాలోనే ఇద్దరం చాపలేసుకుని పడుకున్నాం. మూడింటికి నాకు మెలకువ వచ్చేసరికి అమ్మ లేచి కూర్చునుంది, విసనకర్రతో నాకు విసురుతోంది.