ఆ 40 నేనే పెట్టాను

పదకొండున్నర దాటింది. చిన్నది ఇప్పుడే పడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు.

పొద్దున ప్లేట్లు కోసే షాపు నుంచి ఫోను. ఉక్కు బీముల్ని బోల్టులతో కలిపే ఫిన్ ప్లేట్లలో రంధ్రాలు అంచుకి మరీ దగ్గరగా ఉన్నాయట. 64 ప్లేట్లు. ఇంకా కోయలేదు, అదొక్కటే అదృష్టం.

టెక్లాలో, అదే మేం ఉక్కు కట్టడాల డ్రాయింగులు చేసే సాఫ్ట్‌వేర్‌లో, ఆ కనెక్షన్ టెంప్లేట్ పోయినేడాది నేనే చేశాను. బీము మార్చగానే ప్లేటు దానంతటదే పెరగడం మొదటిసారి చూసిన రోజు చాలా సంతోషపడ్డాను.

ఈ ప్రాజెక్టులో మా జూనియర్ 20 ఎంఎం బోల్టు తీసి 24 పెట్టాడు. అంచు దూరం, అంటే రంధ్రం మధ్య నుంచి ప్లేటు అంచు దాకా ఉన్న దూరం, మాత్రం 40 దగ్గరే ఉండిపోయింది. షియరింగ్‌లో, అంటే కత్తెరలా బ్లేడుతో, కోసిన అంచుకి ఉక్కు నిర్మాణాల కోడ్ ఐఎస్ 800 ప్రకారం ఆ దూరం రంధ్రం వ్యాసానికి కనీసం 1.7 రెట్లు ఉండాలి. 20 బోల్టుకి రంధ్రం 22, అంటే 37.4. 40 చాలు. 24 బోల్టుకి రంధ్రం 26, అంటే 44.2. ఇంత చిన్న లెక్క చూసుకోకుండా డ్రాయింగ్ ఎలా పంపుతారు? పైగా పక్క సీటాయన, "మెషీన్‌తో గ్యాస్ కటింగ్ అయితే 1.5 రెట్లే కదా, 39తో సరిపోయేది" అని వెనకేసుకొచ్చాడు. ఆ షాపులో షియరింగే అని తెలిసి కూడా! నాకు ఒళ్ళు మండింది. అందరి ముందే గట్టిగా అనేశాను.

"మేడమ్, బోల్టు సైజు ఒక్కటే మార్చాను. మిగతావి అవే సర్దుకుంటాయనుకున్నా" అన్నాడు. టెంప్లేట్ చేతికొస్తే ఆలోచించడం మానేస్తున్నారని ఇంటికొచ్చేదాకా గొణుక్కుంటూనే ఉన్నాను.

అన్నం తింటుంటే నాన్న గుర్తొచ్చారు. కాలువల మీద కల్వర్టులకి ఆయన గీసిన టైపికల్ డ్రాయింగ్. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసేవారు, తప్పు పడితే బ్లేడుతో మెల్లగా గీకేవారు. ప్రింట్లు ఇంటికి తెచ్చినప్పుడు గదంతా అమ్మోనియా వాసన. బొమ్మలో కొలతల చోట అంకెలు ఉండేవి కావు, ఏ, బి, హెచ్ అని అక్షరాలే. పక్కన పట్టిక, స్పానుని బట్టి ఏ ఎంత, బి ఎంత అని. ఒక్క బొమ్మతో ఎన్ని కల్వర్టులో! పట్టిక కింద మాత్రం, ఇది ఎంత స్పాను వరకు, ఎలాంటి నేలకి, అని బొమ్మ కంటే పెద్ద అక్షరాలతో రాసేవారు. అంత పెద్దగా ఎందుకని అడిగితే, "నేను పక్కన లేనప్పుడు చూసేవాడికమ్మా" అన్నారు.

చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెరిచాను. టెంప్లేట్‌లోని వేరియబుల్స్, అంటే మారే కొలతల, జాబితాలో అంచు దూరం దగ్గర ఫార్ములా లేదు. ఒట్టి 40. పక్కన విజిబిలిటీ 'హైడ్'. ఎవరూ కెలక్కూడదని నేనే దాచాను. డైలాగ్ బాక్సులో ఆ పిల్లాడికి అది కనిపించే దారే లేదు.

చెక్ చేయాల్సింది, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ పొద్దున అంత గొంతు పెంచాల్సింది కాదు.

రంధ్రం వ్యాసాన్ని 1.7తో గుణించి, పైనున్న 5 గుణిజానికి సవరించేలా ఫార్ములా రాశాను. 24 పెడితే 45 వచ్చింది, 20కి 40. విజిబిలిటీ 'షో' చేశాను. రేపు పది గంటలకి అతను రాగానే, ఇవాళ ఎవరి ముందు అతన్ని అన్నానో వాళ్ళందరి ముందే ఇది తెరిచి చూపించాలి.