నడుం నొప్పితో బేస్ గిటార్ కొనేవాళ్లు ముందు కావడి లెక్క చూసుకోవాలి

ఆదివారం చర్చిలో రెండు గంటలు. డిసెంబరు వచ్చిందంటే ఒకే రోజు రెండు క్రిస్మస్ ప్రోగ్రాములు. పైడితల్లమ్మ పండగ రోజుల్లో విజయనగరంలో ఆర్కెస్ట్రా ఒప్పుకుంటే అర్ధరాత్రి దాటేదాకా నిలబడాల్సిందే. మామూలు బేస్ గిటార్ నాలుగు కేజీల చుట్టూ ఉంటుంది, నాలుగున్నర ఉన్నవీ ఉన్నాయి. ఆ బరువంతా ఎడమ భుజం మీద స్ట్రాప్ వెడల్పంత చోటులో వేలాడుతుంది. నడుమో మెడో అప్పటికే పట్టేసిన మనిషి "అన్నిటికంటే తేలికైన బేస్ ఏది?" అని అడగడం సహజమే. అయితే ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని కొన్నవాళ్లలో చాలామందికి నొప్పి పోదు, భుజం దగ్గర్నుంచి మెడలోకి మకాం మారుస్తుంది.

కావడి సంగతి తెలిసిందే కదా. రెండు కుండలూ సమంగా ఉంటే మనిషి చెయ్యి ఊపుకుంటూ నడిచిపోతాడు. ఒక కుండ ఖాళీ అయితే మొత్తం బరువు సగానికి తగ్గినా బద్దని చేత్తో అదిమి పట్టుకోవాలి. బేస్ కూడా అంతే. స్ట్రాప్ తగిలించే బొడిపెలు రెండు: ఒకటి బాడీ వెనక చివర, రెండోది పైకొమ్ము కొన మీద. ఆ పైకొమ్ము కొన ఇంచుమించు 12వ ఫ్రెట్ (నెక్ అనే పొడవాటి కాడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దాకా వస్తే బేస్ నిలకడగా వేలాడుతుంది. కొమ్ము పొట్టిదైతే, లేదా బొడిపె బాడీ మధ్యకి జరిగి ఉంటే, హెడ్ (ఆ కాడ చివర తీగలు బిగించే భాగం) నేల వైపు జారుతుంది. దీన్నే నెక్ డైవ్ అంటారు. గిబ్సన్ థండర్‌బర్డ్, ఎస్‌జీ ఆకారం బేస్‌లు దీనికి పేరు మోసినవి. నెక్ వాలిపోకుండా ఎడమ చెయ్యి మోస్తుంది, దాంతో ఎడమ భుజం పైకి లేస్తుంది, కుడి మోచెయ్యి బాడీని కిందికి నొక్కుతుంది, నడుం ఒక పక్కకి మెలి తిరుగుతుంది. వాలిపోయే మూడు కేజీల బేస్ కన్నా నిలకడగా ఉండే 3.7 కేజీల బేస్ మూడు గంటల ప్రోగ్రాంలో హాయిగా ఉంటుంది.

దీన్ని షాపులో పరీక్షించడానికి రెండు నిమిషాలు చాలు. జారే నైలాన్ స్ట్రాప్ ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్లండి. షాపువాళ్లు గరుకు తోలు స్ట్రాప్ ఇస్తే దాన్ని నమ్మొద్దు. అది చొక్కాని పట్టేసుకుని వాలే గుణాన్ని దాచేస్తుంది. నైలాన్ స్ట్రాప్‌తో నిలబడి, నెక్ కొంచెం పైకి ఎత్తి ఉంచి, రెండు చేతులూ వదిలేసి పదంకెలు లెక్కపెట్టండి. నెక్ అక్కడే ఉంటే మంచిది. అడ్డంగా వచ్చి ఆగితే స్ట్రాప్ మార్చి సర్దుకోవచ్చు. నేల చూపులు చూస్తే, ఎంత తేలికైనదైనా అక్కడే పెట్టేసి రండి.

తూకం ఆ తర్వాత. ప్రయాణాల్లో సూట్‌కేస్ తూచే డిజిటల్ కొక్కెం కాటా జేబులో పడుతుంది, దాంతో తూచండి. పాత పేపర్లవాళ్ల స్ప్రింగ్ కాటాని నమ్మొద్దు, మనకి కావలసిన తేడా 200 గ్రాముల్లో ఉంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లకి 3.6 కేజీలు హద్దు అనుకోండి. 3.2 దొరికితే అదృష్టం. 4 దాటితే మోడల్ ఎంత నచ్చినా వద్దు. చెక్క చెక్కకీ తేడా ఉంటుంది కాబట్టి ఒకే మోడల్‌లో రెండు పీసుల మధ్య అరకేజీ తేడా రావడం మామూలే. కాబట్టి ఎవరో చెప్పిన మోడల్ పేరు కన్నా మీ చేతిలో ఉన్న పీసు తూకమే లెక్క. ఆన్‌లైన్‌లో రాసే బరువు చాలాచోట్ల అట్టపెట్టెతో కలిపి రాసింది. విజయనగరం నుంచి విశాఖ వెళ్లి చూసుకునే వీలుంటే ఆ రోజు ఖర్చు దండగ కాదు. శ్రీకాకుళం వాళ్లు ఆమదాలవలసలో రైలెక్కాలి, అయినా అదే మాట.

చెక్క విషయం. ఘనమీటరుకి సుమారుగా చూస్తే పౌలోనియా 280 కేజీలు, బాస్‌వుడ్ 415, ఆల్డర్ 450, గట్టి మేపుల్ 700 పైన. యాష్ అని రాసి ఉంటే ఏ యాష్ అని అడగండి. స్వాంప్ యాష్ తేలిక, ఉత్తరాది యాష్ మోత బరువు. పౌలోనియా చాలా మెత్తన, గోరు గుచ్చుకున్నా గుర్తు పడుతుంది, స్ట్రాప్ బొడిపె స్క్రూ ఊడి వచ్చేస్తుంది. కొన్న రోజే ఆ స్క్రూలు తీసి కొంచెం పొడవైనవి వెయ్యాలి. గట్టి చెక్కే వాడి లోపల గదులు తొలిచిన చాంబర్డ్ బాడీలూ ఉన్నాయి. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు తొలిచి వీణ చేస్తారు కదా, అక్కడ తొలిచేది నాదం కోసం, ఇక్కడ ముఖ్యంగా భుజం కోసం. ఇంతకీ బాడీ మరీ తేలికైపోతే హెడ్ బరువు అలాగే ఉండి కావడి అటే వాలుతుంది. ఈ మెలిక అమ్మేవాళ్లు చెప్పరు.

పొట్టి స్కేల్ బేస్‌ల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నడుం నొప్పికి ఎక్కువమంది వెళ్లాల్సిన దారి ఇదే. స్కేల్ అంటే తీగ మోగే పొడవు, హెడ్ దగ్గర తీగలు ఆనే నట్ నుంచి బాడీ మీది బ్రిడ్జ్ దాకా. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పటి నుంచి 34 అంగుళాలు మామూలు కొలత అయింది. పొట్టి స్కేల్ అంటే 30. స్క్వయర్ బ్రాంకో, మస్టాంగ్ ఈ కొలతవే. ఐబనేజ్ మైక్రో 28.6. చెయ్యి చాపే దూరం తగ్గడం అసలు లాభం: మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి 34 స్కేల్‌లో 13 సెంటీమీటర్లు, 30 స్కేల్‌లో 11.4. ఎడమ భుజం ముందుకి సాగదు, నడుం తిరగదు. నష్టం తీగల దగ్గర. తీగ అదే మందం, శ్రుతి అదే అయితే బిగువు స్కేల్ పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. 34 నుంచి 30కి వస్తే 22 శాతం పడిపోతుంది. అందుకే 45–105 సెట్ (ఈ అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేస్తే అన్నిటికన్నా లావైన ఇ తీగ వదులుగా ఊగి ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. 50–105 ఫ్లాట్‌వౌండ్ (పై చుట్టు చదునుగా ఉండే తీగలు) వేస్తే గొంతు గట్టిపడుతుంది. షార్ట్ స్కేల్ అని రాసి ఉన్న సెట్టే కొనాలి. పొడవు తీగని లావు భాగంలో కోసి చుడితే పై చుట్టు విడిపోయి తీగ చచ్చిపోతుంది. అవసరానికి ఊళ్లో దొరకదనే లెక్కతో ఒక సెట్ అదనంగా తెప్పించుకోండి.

లో బి (ఇ కన్నా కిందిస్థాయి స్వరం) కోసం అయిదు తీగల బేస్ కావాలనేవాళ్లు ఒకటి గమనించాలి: అయిదో ట్యూనర్ (తీగ బిగించే మర) వచ్చి చేరేది హెడ్ మీదే. పైగా నెక్ వెడల్పు, బాడీ బరువు. నొప్పి ఉన్నవాళ్లు 34 స్కేల్ నాలుగు తీగల బేస్‌కే అయిదు తీగల సెట్‌లోని లావు నాలుగూ వేసి బి, ఇ, ఎ, డి శ్రుతి చేసుకోవచ్చు. నట్ గాడులు వెడల్పు చేయించాలి, ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనప కడ్డీ) సరిచేయించాలి. 30 స్కేల్‌లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, బి తీగ మోగదు, మూలుగుతుంది.

డబ్బు ఉంటే హెడ్‌లెస్ బేస్. ట్యూనర్లు బాడీ చివర బ్రిడ్జ్ దగ్గరికి వచ్చేస్తాయి కాబట్టి కావడి సమస్య చాలావరకు పుట్టదు, పొడవు కూడా తగ్గుతుంది. ఐబనేజ్ ఈహెచ్‌బీ వరసలో మామూలు తీగలు పడతాయి. స్టైన్‌బర్గర్ స్పిరిట్ ఎక్స్‌టీ-2కి రెండు చివరలా గుండు ఉన్న తీగలే కావాలి, శనివారం రాత్రి తీగ తెగితే ఆదివారం వాయించడానికి లేదు. సముద్రగాలి తగిలే ఊళ్లలో ఆ బ్రిడ్జ్ ట్యూనర్ల మరలకి నెలకోసారి సన్న నూనె చుక్క వెయ్యకపోతే తిరగవు.

వయొలిన్ ఆకారం హాఫ్‌నర్ 500/1 లాంటి డొల్ల బేస్‌లు రెండున్నర కేజీల లోపే ఉంటాయి. భుజానికి పండగే. కాంక్రీట్ హాల్లో మోనిటర్ (వాయించేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్) దగ్గర నిలబడితే మాత్రం ఫీడ్‌బ్యాక్ ఊళ పెడుతుంది.

కొత్తది కొనే వీలు లేకపోతే ఉన్నదాన్ని హెడ్ నుంచి తేలిక చెయ్యడం మొదలుపెట్టండి. పెద్ద ఇనప ట్యూనర్లు తీసి హిప్‌షాట్ అల్ట్రాలైట్ లాంటివి వేస్తే నాలుగింటికీ కలిపి 150 నుంచి 200 గ్రాములు దిగుతాయి. అది కావడి కొసన దిగిన బరువు కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. కొనేముందు పాత రంధ్రం వ్యాసం కాలిపర్‌తో కొలవండి, అన్ని సైజులూ అన్ని హెడ్‌లకీ పట్టవు. ఇంకా వాలుతుంటే వెనక బొడిపె దగ్గర స్ట్రాప్‌కి చిన్న సంచి కుట్టి 200 గ్రాముల సీసం ముక్క వెయ్యండి. బరువు పెంచితే నొప్పి తగ్గడం వింతగానే ఉంటుంది, లెక్క మాత్రం అదే. ఆ సీసం ముక్కని వైర్లుండే గదిలో మాత్రం పెట్టకండి, షార్ట్ అవుతుంది. బొడిపె రంధ్రం వదులైతే అగరుబత్తి పుల్ల ముక్కలకి ఫెవికాల్ రాసి కూరి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్లీ స్క్రూ బిగించండి.

స్ట్రాప్ మూడున్నర, నాలుగు అంగుళాల వెడల్పు, లోపలి వైపు గరుకు తోలు. సాగే రబ్బరు స్ట్రాప్ మొదట సుఖంగానే ఉంటుంది, తర్వాత అడుగడుగునా బేస్ ఎగురుతూ భుజాన్ని గుద్దుతుంది. కూర్చున్నప్పుడు బేస్ ఏ ఎత్తులో ఉంటుందో నిలబడ్డప్పుడూ అదే ఎత్తులో ఉండేలా పొడవు పెట్టుకోండి. ప్రాక్టీసు కూర్చునే చెయ్యండి, స్ట్రాప్ వేసుకునే. ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి జారబడితే నడుం విల్లులా వంగుతుంది. తుంటి మోకాళ్ల కన్నా కొంచెం ఎత్తున ఉండే స్టూల్ కావాలి. కాల్లోకి లాగే నొప్పి, తిమ్మిరి ఉంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికి, తర్వాతే గిటార్ షాపుకి.

చాలామంది మర్చిపోయే బరువు ఆంప్. పాత 15 అంగుళాల స్పీకర్ ఉన్న కాంబో 25 కేజీలు దాటుతుంది, వంగి లేపిన ఆ ఒక్క క్షణంలో నెల రోజుల జాగ్రత్తా పోతుంది. ఫెండర్ రంబుల్ 100 పది కేజీలే. సౌండ్ సిస్టం ఉన్న చోట డీఐ బాక్సు (బేస్‌ని నేరుగా ఆ సిస్టంకి కలిపే చిన్న పెట్టె) ఒకటి బ్యాగులో వేసుకుంటే అసలు ఆంపే మొయ్యక్కర్లేదు. బైక్ మీద వెళ్లేటప్పుడు గిగ్ బ్యాగ్ అడుగు సీటుకి తగిలి, గతుకు వచ్చినప్పుడల్లా పట్టీలు భుజాల్ని లాగుతాయి. బ్యాగ్ అడుగు సీటు మీద సరిగ్గా ఆనేలా పట్టీలు వదులు చేసి, మధ్యలో మడత పెట్టిన తువ్వాలు వేసుకోండి. వెనక మనిషి ఉంటే బ్యాగ్ వాళ్ల వీపుకి తగిలించండి.