అరితలో తెగని తీగ

హకాతా నుంచి మిదోరి రైలులో జపాన్‌లోని పింగాణీ ఊరు అరిత చేరేసరికి పది దాటింది. ఆ రోజు ఎన్ని పాత్రలు చూసినా, మనసులో నిలిచింది సోబాచోకో అనే ఒక చిన్న పింగాణీ గిన్నె మాత్రమే.

పాత బట్టీల ఇటుకలతో కట్టిన గోడల వెంట నడుస్తూ దారిలో ఎదురైన ఒక దుకాణంలోకి వెళ్లాను. ఆ గిన్నె తెల్లని ఒంటి నిండా నీలి సుడులు, సుడుల వెంబడి చిన్న చిన్న ముక్కలు ఉన్నాయి. ఆ నమూనా పేరు తాకో కరకుసా. తాకో అంటే ఆక్టోపస్ కాబట్టి అది సముద్రజీవి బొమ్మే అనుకున్నాను. దుకాణంలోని పెద్దావిడ కాదని తల ఊపి, సుడి మొదట్లో వేలు పెట్టి, గీత వెంబడే గిన్నె చుట్టూ తిప్పి చూపింది. ఫోనులోని అనువాదం సాయంతో తెలిసిందేమంటే అది తీగ, ఆ ముక్కలు ఆకులు. అవి ఆక్టోపస్ చేతుల మీది చూషకాల్లా కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది. తెగకుండా సాగే తీగ వంశం నిలవాలనే కోరికకు గుర్తు. నాకు మా అమ్మమ్మ వేసే మెలికల ముగ్గు గుర్తుకొచ్చింది. చుక్కల చుట్టూ తిరిగిన గీత మొదలును కలవకపోతే ఆమె చెరిపి మళ్లీ వేసేది.

పక్కనే పైన్, వెదురు, ప్లమ్ పూలు కలిసి ఉన్న పళ్లాలు ఉన్నాయి. చలికి తలవంచని ఆ మూడూ శుభానికి, ఓర్పుకు చిహ్నాలు. అయినా నా చూపు గిన్నె మీదికే పోయింది. ఆరు వేల యెన్‌లంటే రెండు రోజుల భోజనం ఖర్చు కావడంతో, కొనకుండానే బయటికి వచ్చాను.

ఒక పనిశాలలో ఆ తీగనే గీస్తున్నారు. గోసు అనే కోబాల్టు రంగు కుంచె మీద నల్లగా, బూడిదగా ఉంటుంది. పైన మెరుపు పూత వేసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్చాకే నీలం తేలుతుంది. ఒకసారి కాల్చిన మట్టి రంగును వెంటనే పీల్చుకుంటుంది కనుక, అమ్మమ్మకు ఉన్న చెరిపే వీలు ఇక్కడ లేదు. రాబోయే నీలాన్ని మనసులోనే చూసుకుంటూ, చేయి వణకకుండా అంత సన్నని సుడిని తిప్పడం చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది.

రైలు పట్టాలు దాటి తోజాన్ గుడి మెట్లెక్కితే, 1888లో పింగాణీతో చేసిన తోరణద్వారం మీదా నీలి తీగే ఉంది. కరకుసా అంటే చైనా మొక్క అని అర్థం. 1616 ప్రాంతంలో ఇక్కడి ఇజుమియామా కొండలో పింగాణీ రాయిని కనుగొన్నాడని చెప్పే కొరియా కుమ్మరి యీ సామ్‌ప్యోంగ్‌ను ఈ గుడిలోనే కొలుస్తారు.

సాయంత్రం మళ్లీ ఆ దుకాణానికే వెళ్లాను. పెద్దావిడ గిన్నెను కాగితంలో చుట్టబోతుంటే ఆపి, ఈసారి నేనే తీగ మొదట్లో వేలు పెట్టాను.