తడిసిన ట్రాక్ మీద పోలో

నిన్న చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద నా పోలో కారుతో టైమ్ అటాక్ పోటీకి దిగాను. అంటే ట్రాక్ చుట్టును ఎవరు తక్కువ సమయంలో పూర్తి చేస్తారన్నదే పోటీ. నా వంతు వచ్చేసరికి వాన దంచికొట్టింది. పాలమూరు వాళ్లం ఏడాదంతా వాన కోసం ఎదురుచూస్తాం. అక్కడికి వెళ్లి తగ్గాలని మొక్కుకుంటుంటే నాకే నవ్వొచ్చింది.

ఎండలో పట్టునిచ్చే దారే తడిలో మోసం చేస్తుంది. బ్రేకు వేసే చోట, మలుపు లోపలి అంచున కార్లు వదిలిన రబ్బరు, నూనె పేరుకుని ఉంటాయి. నీళ్లు పడితే సబ్బు రాసిన గచ్చే. అందుకే పక్కకు జరిగి, గరుకు తారు వెతుక్కుంటూ తిరగాలి. రంగు వేసిన అంచులను అసలు తాకకూడదు.

ఒకచోట నీరు నిలిచింది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది, ఇంజిన్ మోత పెరిగింది, కారు మాత్రం నా మాట వినడం లేదు. టైర్లు నీటి మీద తేలుతున్నాయన్నమాట. బ్రేకు జోలికి పోకుండా, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదిలాను. టైరు మళ్లీ తారును అందుకున్న కుదుపు అరచేతుల్లో తెలిసింది.

జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద వానలో 120 దాటించే మిత్రులారా, ట్రాక్ మీద లారీలూ గేదెలూ అడ్డం రావు!

ఫలితమా? మధ్యలో ఎక్కడో. నాకంటే బలమైన కార్లు కొన్ని నా వెనకే ఉన్నాయి, ఆ సంబరం ఇంకా తగ్గలేదు.