బాపు గీత వెంట: పదో వారం

బాపు గారి బొమ్మలు చూసి గీత నేర్చుకుంటూ వేసిన కాగితాలు కట్టలో ఇప్పటికి 212 చేరాయి. నలుగురికి చూపించదగినవి ఏడు.

మొదలుపెట్టిన రోజున మామయ్య అడిగాడు: "అనకాపల్లి దాటితే కశింకోట. అక్కడి వపా గారిని వదిలేసి నరసాపురం బాపు గారి వెంట పడ్డావేమిటిరా?" నిజం చెప్పాలంటే నాకు రంగులంటే భయం. వపా, అంటే వడ్డాది పాపయ్య గారి నీటిరంగుల్లో ఒక పొర మీద ఇంకో పొర ఎలా నిలిచిందో ఎంత చూసినా అంతు పట్టదు. బాపు బొమ్మలో ఉన్నవి నాలుగు నల్లగీతలే కదా అనుకున్నాను. ఆ ధీమా వారం కూడా నిలవలేదు.

ముందు జెల్ పెన్నుతో గీశాను. మొదలు నుంచి చివరి దాకా ఒకటే లావు. బొమ్మ ఇనపతీగ వంచి చేసినట్టు వచ్చింది. అప్పుడు 2వ నంబరు గుండ్రటి కుంచె, వాటర్‌ప్రూఫ్ నల్ల ఇంకు కొన్నాను. కుంచెను ముంచాక సీసా అంచుకు ఒత్తి, మొన తేలేలా తిప్పాలి. నొక్కితే లావు, ఎత్తితే సన్నం. నా వైపు లాగిన గీత నిలకడగా వస్తుంది, అవతలికి తోసింది వణుకుతుంది. అందుకే ఇప్పుడు మణికట్టు బదులు కాగితాన్నే తిప్పుతున్నాను. ఇంకు లోహపు పట్టీ దగ్గర ఎండితే వెంట్రుకలు విచ్చుకుపోతాయి. పెళ్లికి వెళ్లే తొందరలో కడగకుండా వదిలి ఒక కుంచెను పోగొట్టుకున్నాను.

కాగితంతో వేరే గొడవ. మేముండేది విశాఖ పెదవాల్తేరులో, వానాకాలం సముద్రపు గాలికి అప్పడాలతో పాటు కాగితాలూ మెత్తబడతాయి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) జిరాక్స్ కాగితం మీద ఇంకు వేర్లు దిగినట్టు పాకింది. ఇప్పుడు 220 జీఎస్‌ఎం వాడుతూ, మిగిలినవాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో పెడుతున్నాను. చేయి సాధనకు మాత్రం పాత దినపత్రికలే.

అద్దం కింద బల్బు పెట్టి ట్రేస్ చేయడం రెండు వారాలు నడిచింది. చేతికి కదలిక తెలిసింది గానీ పుస్తకం మూస్తే ఏమీ గుర్తు లేదు. ఆ పద్ధతి మానేశాను. ఇప్పుడు బొమ్మను రెండు నిమిషాలు చూసి, పుస్తకం మూసి, గీసి, తేడాలను ఎర్ర పెన్సిలుతో గుర్తు పెడతాను. సంగతి అక్కడ బయటపడింది. ముక్కుకు నేను మూడు గీతలు వేశాను; ఆయన వేసింది ఒకటి, అదీ సగంలో ఆపేశారు. చెంప గీత చెవి దగ్గరికి రాకముందే మాయమవుతుంది, చెంప మాత్రం నిండుగా కనబడుతుంది. నా ఎర్ర గుర్తుల్లో ఎక్కువ భాగం నేను అదనంగా వేసినవాటి మీదే. జడ ఒక్కటే ఇరవై సార్లు, మెడ నుంచి నడుము దాకా ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడుతో వేశాను. నకళ్ల కింద నా సంతకం పెట్టను, "బాపు గారిని చూసి" అని రాస్తాను.

ఎనిమిదో వారం ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి పెన్సిలుతో నాలుగు బొమ్మలు వేసుకున్నాను. ఇంటికొచ్చి ఇంకు పెట్టేసరికి చేపలమ్మే ఆడవాళ్లందరికీ చారెడేసి కళ్లు, వాలుజడలు వచ్చేశాయి. మా ఆవిడ చూసి, "అంత బుట్ట మోసే మనిషికి ఆ నడుము ఎక్కడిదండీ?" అంది. మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాను. నేను చూసినావిడ జుట్టు ముడి వేసుకుంది, నెత్తిన చుట్టకుదురు, దాని మీద బుట్ట. బరువుకు మెడ నిటారుగా ఉంది, వాలు అన్నదే లేదు. జడకు సాధన చేసిన గీత మాత్రం వృథా కాలేదు. నడుములో దోపిన కొంగుకు సరిగ్గా సరిపోయింది.

ఈ వారం చేతులు. ఇన్నాళ్లూ వాటిని బుట్టల వెనక దాచుకొచ్చాను. బొటనవేలు ఇప్పటికి నాలుగు రకాలుగా తప్పు వచ్చింది.