రేసుకుక్క ఈల

"ఇది రేసుకుక్క గదరా అబ్బోడా!"

పొద్దున తిరుపతి జూలో, నేను పెట్టిన నమూనా బోర్డు ముందు ఒక అవ్వ మనవడితో అన్న మాట. బోర్డు మీద పెద్దక్షరాల్లో నేను రాసింది 'ఆసియా అడవి కుక్క' అని.

కింద శాస్త్రీయ నామం, బరువు 12 నుంచి 20 కిలోలు, గర్భకాలం సుమారు రెండు నెలలు. ఆమె అవేవీ చదవలేదు. "మన కుక్క మాదిరి మొరగవు నాయనా. అడవిలో చెదిరిపోతే ఈలేసి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి" అంది. వాడు వెంటనే మూతి సున్నాలా చుట్టి ఊదడం మొదలుపెట్టాడు.

ఈల సంగతి నాకూ తెలుసు. జాగా చాలదని తీసేసింది నేనే. మనసు కలుక్కుమంది.

వాడు బొమ్మ చూడ్డానికి మునివేళ్ల మీద నిలబడ్డాడు కూడా. పైగా ఇంగ్లీషుకి పెట్టిన లైన్ గ్యాపే తెలుగుకీ ఉంచేశాను. 'కుక్క'లోని క వత్తు కింది లైను గుడికి తగులుతోంది. తెలుగు అక్షరానికి కింద కూడా ఊపిరాడాలి.

ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. ఇప్పుడు పైన 'రేసుకుక్క', పక్కన చిన్నగా పుస్తకాల్లో కనిపించే 'రేచుకుక్క'. శేషాచలం అడవుల్లో తిరిగే జంతువుకి మనవాళ్లు పిలిచే పేరే ముందుండాలి. గర్భకాలం పోయింది, ఈల వచ్చింది. బోర్డు ఒక అడుగు కిందికి దిగి, కొంచెం వాలుగా ఉంటుంది.

చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లూ, మీ ఊళ్లో దీన్ని ఏమంటారు? ప్రింటుకి పోయేలోపు చెప్పండి.