“మీరు ఇదివరకే అడిగారు” అంటూ తిప్పి పంపారు: కాలువ నీళ్ళ రిపోర్టుల కోసం నా అనుభవం

మా ఇల్లు విజయవాడలో రైవస్ కాలువకి దగ్గర. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నుంచి బయల్దేరి ఊళ్ళోంచి పారే మూడు కాలువల్లో ఇదొకటి. మిగతా రెండూ ఏలూరు కాలువ, బందరు కాలువ. ఊరు దాటాక ఈ కాలువల నీళ్ళే పొలాలకి వెళ్తాయి, దిగువ ఊళ్ళ మంచినీటి చెరువులు నింపుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఉండే మా పిన్నివాళ్ళు మురుగు కలిసిన ఆ నీళ్ళ మధ్యే రోజుల తరబడి ఉన్నారు. వరద తీశాక నాకు ఒకటే ప్రశ్న మిగిలింది. మామూలు రోజుల్లో మన కాలువల్లోకి వదిలే నీళ్ళు ఎలా ఉంటున్నాయి? ఎవరైనా పరీక్ష చేస్తున్నారా?

సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి కాలువలోకి వదిలే నీళ్ళకి నెలనెలా చేసిన ల్యాబ్ పరీక్షల నకళ్ళు కావాలని రాశాను. ఏ నెల నుంచి ఏ నెల వరకు కావాలో, బీఓడీ, సీఓడీ (నీళ్ళలో మురుగు ఎంత ఉందో చెప్పే కొలతలు), కోలిఫాం (మలం కలిసిందేమో చూపే బ్యాక్టీరియా) విలువలు ఉండాలని కూడా స్పష్టంగా అడిగాను. ఎందుకు కావాలో రాయలేదు. ఆ కారణం చెప్పక్కర్లేదని చట్టంలో 6(2) సెక్షనే చెబుతోంది.

మొదటి జవాబు: “ఈ సమాచారం మా విభాగంలో లేదు, సంబంధిత విభాగాన్ని సంప్రదించగలరు.” ఏది సంబంధిత విభాగమో రాయలేదు. నిజానికి అర్జీ తమది కాకపోతే, అది ఎవరిదో వాళ్ళకి 5 రోజుల్లో పంపాల్సింది అధికారే. మళ్ళీ పంపాను. ఈసారి రికార్డులు చాలా ఎక్కువ, సిబ్బంది సమయం వృథా అవుతుందని అదే చట్టంలోని 7(9) సెక్షన్ చూపించారు. ఆ సెక్షన్ సమాచారం ఇవ్వొద్దని చెప్పదు. అడిగిన రూపంలో ఇవ్వడం బాగా కష్టమైతే ఇంకో రూపంలో ఇవ్వొచ్చని మాత్రమే చెబుతుంది. దీన్ని అడ్డం పెట్టుకుని మొత్తానికే ఇవ్వకపోవడం చాలామందికి ఎదురయ్యే విషయం, గుర్తుంచుకోండి.

తర్వాతి నెలల రిపోర్టులు అడిగినప్పుడు వచ్చిన జవాబే నన్ను బాగా బాధపెట్టింది. “ఇదే విషయమై మీరు పలుమార్లు దరఖాస్తు చేసియున్నందున తిరస్కరించడమైనది.” ఒక్క వాక్యం, కింద సంతకం. ఏ సెక్షన్ కిందో లేదు, ఎవరికి అప్పీలు చేసుకోవాలో లేదు, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో లేదు. తిరస్కరిస్తే ఈ మూడూ రాసి తీరాలని 7(8) చెబుతోంది. అసలు 8, 9 సెక్షన్లలో ఉన్న కారణాలతో తప్ప తిరస్కరించే వీల్లేదు. “ముందే అడిగారు” అనే కారణం ఆ రెండింట్లో ఎక్కడా లేదు.

పైగా అది మళ్ళీ అడగడం ఎలా అవుతుంది? పొలం పాస్‌బుక్ నకలు ఒకసారి ఇస్తే సరిపోతుంది. కాలువ నీళ్ళు అలా కాదు. ఏప్రిల్‌లో కాలువ ఎండిపోయి మురుగే మిగులుతుంది, ఆగస్టులో నిండా పారుతుంది. ప్రతి నెలా కొత్త శాంపిల్, కొత్త రిపోర్టు. వాళ్ళు నెలనెలా పరీక్ష చేయాల్సి ఉన్నప్పుడు మనం నెలనెలా అడగడం వేధింపు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఈ రిపోర్టులు ఎవరూ అడగకుండానే బయట పెడితే నేను అర్జీలు పెట్టే పనే ఉండేది కాదు. 4వ సెక్షన్ ఉద్దేశం కూడా అదే.

30 రోజుల్లోపే మొదటి అప్పీలు వేశాను. దీనికి ఫీజు లేదు. ఏ అర్జీలో ఏ కాలం అడిగానో పట్టీ వేసి, ఈసారి అడిగిన నెలలు ముందు అర్జీల్లో లేవని చూపించాను. కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్నమాట కూడా రాశాను. స్పీడ్ పోస్టు రసీదులన్నీ జతచేశాను.

విచారణకి పిలిచారు. అప్పీలు అధికారి కాగితాలు తిరగేసి, “ఎన్నిసార్లు అడుగుతారమ్మా?” అన్నారు.

“నెల మారితే నీళ్ళు మారతాయి కదండీ. నకళ్ళు ఇవ్వడం కష్టమైతే రిజిస్టరు చూపించండి, నేనే వచ్చి రాసుకుంటాను” అన్నాను.

రికార్డుల్ని స్వయంగా చూడటం, నోట్స్ రాసుకోవడం, శాంపిల్ తీసుకోవడం అన్నీ 2(జె) కింద మన హక్కులే. చూడటానికి మొదటి గంటకి ఫీజు కూడా ఉండదు. ఆయన కాసేపు ఆలోచించి, తనిఖీకి అనుమతిస్తూ ఆర్డర్ ఇచ్చారు.

రిజిస్టరు నా ముందు పెట్టిన గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ వేశాడు. పొడుగాటి పుస్తకం, అట్ట చివర్లు తడిసి ఉబ్బాయి. బీఓడీ గడిలో వరసగా మూడు నెలలకి ఒకే అంకె, 28. ఒకే సిరా. నదులు, కాలువల్లోకి వదిలే నీళ్ళకి సాధారణ ప్రమాణం లీటరుకి 30 మిల్లీగ్రాములు. కోలిఫాం గడి నిండిన పేజీ ఒక్కటీ కనపడలేదు. వానాకాలం నెలల దగ్గర తేదీలు వేసి ఉన్నాయి, విలువలు లేవు. ఇదేంటని అడిగితే “అవి ల్యాబ్ నుంచి రావాలండీ” అన్నాడు.

ఆ పేజీల నకళ్ళు తీసుకుని, ప్రతి పేజీ మీద కార్యాలయం ముద్ర వేయించుకున్నాను. వాటితోనే 90 రోజుల గడువులో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు వేశాను. ఖాళీగా ఉన్న నెలల ల్యాబ్ రిపోర్టులు ఇప్పించాలనీ, ఆ పరీక్షలు జరగకపోతే జరగలేదని రాతపూర్వకంగా చెప్పించాలనీ కోరాను. “పలుమార్లు అడిగారు” అన్న జవాబుకి 20వ సెక్షన్ కింద రోజుకి 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలు మించకుండా జరిమానా వేయాలని కూడా అడిగాను. అది ఇంకా విచారణకి రాలేదు. ఈలోగా కొత్త నెలల రిపోర్టులకి కొత్త అర్జీ పెట్టాను. ఈసారి నాతోపాటు మా పిన్ని, కాలువ గట్టు మీద ఉండే మరికొందరు ఎవరి పేరు మీద వాళ్ళు పెట్టారు.